జొన్నగిరి చేలల్లో దొరికే వజ్రాలు అసలు ఎక్కడి నుంచి వచ్చాయి?

అందరికీ నమస్కారం. మాది కర్నూలు జిల్లా తుగ్గలి వైపు. తొలకరి పడితే చాలు, ఇక్కడ జనం పిల్లాజెల్లాతో చేలల్లోకి దిగి తలొంచుకుని రాళ్లు వెతుకుతారు, మా నాన్న కూడా ఏళ్ల తరబడి తిరిగాడు. మొన్న వాన వెలిశాక నాకో శనగగింజంత రాయి దొరికింది. లేత పసుపు, అంచులు కాస్త అరిగాయి, మట్టి కడిగితే లోపల్నుంచి మెరుస్తోంది. గాజు మీద గీస్తే గీత పడింది, కానీ పలుగురాయి కూడా గాజును గీస్తుంది కదా, అందుకే నమ్మకం కుదరడం లేదు.

వజ్రం 150 కిలోమీటర్ల పైచిలుకు లోతులో పుట్టి కింబర్లైట్ అనే అగ్నిశిలతో పాటు పైకొస్తుందని, అనంతపురం జిల్లా వజ్రకరూరు దగ్గర నేలలోకి నిలువుగా దిగిన ఆ శిల గొట్టాలు సుమారు 110 కోట్ల ఏళ్లనాటివని చదివాను. మరి మా చేలల్లోవి ఆ గొట్టాలు శిథిలమై వాగుల్లో కొట్టుకొచ్చినవా, లేక బనగానపల్లె గులకరాతి పొరల్లాంటి వాటిలోంచి రాలినవా? అంచుల అరుగుదల చూసి ఎంత దూరం ప్రయాణించిందో చెప్పొచ్చా?

ఇంకొకటి, రాయి పాడవకుండా ఇంట్లో చేసుకోగలిగే పరీక్ష ఏదైనా ఉందా? వ్యాపారులకు చూపించే ముందే నాకు తెలియాలి, లేకపోతే వాళ్లు చెప్పిందే రేటు. జియాలజీ చదివినవాళ్లు దయచేసి కాస్త వివరంగా చెప్పండి.