కాంట్రాక్టు కార్మికులు గేటు బయట కూర్చున్నారు, మొదట ఏ పని చేయాలి?

ప్రశ్న: జడ్చర్ల నుంచి, ఫ్యాక్టరీ పర్సనల్ విభాగం ఉద్యోగి

నేను జడ్చర్ల ప్రాంతంలోని ఒక బల్క్ డ్రగ్ ఫ్యాక్టరీలో పర్సనల్ విభాగం చూస్తున్నాను. మా దగ్గర పర్మినెంటు కార్మికులు 140 మంది, ముగ్గురు కాంట్రాక్టర్ల కింద పనిచేసేవారు 310 మంది ఉన్నారు. వీరిలో సగానికి పైగా చుట్టుపక్కల ఊళ్లవారు, మిగతావారు బీహార్, ఒడిశాల నుంచి వచ్చి అద్దె గదుల్లో ఉంటున్నవారు. గత సోమవారం ఉదయం 6 గంటల షిఫ్టుకు వచ్చినవారు పంచ్ కొట్టకుండా గేటు బయటే కూర్చుండిపోయారు. జీతం 7వ తేదీలోగా పడాలని, ఏప్రిల్ నుంచి పెరిగిన కరువు భత్యం బకాయి ఇవ్వాలని, తమ తరఫున మాట్లాడినందుకు గేటు పాసు రద్దు చేసిన ఒక యువకుణ్ణి తిరిగి తీసుకోవాలని అడుగుతున్నారు. రెండు రోజుల తరువాత సగం మంది లోపలికి వచ్చారు కానీ, శుక్రవారం దాకా తేలకపోతే గేటు ముందు వంటావార్పు చేస్తామని చెప్పి వెళ్లారు.

ఇది కాంట్రాక్టరుకూ అతని మనుషులకూ మధ్య వ్యవహారమని, మనం తలదూరిస్తే రేపు వీళ్లంతా కంపెనీ కార్మికులమేనని కోర్టుకు ఎక్కుతారని మా యాజమాన్యం అంటోంది. మొదట నేనూ అలాగే అనుకున్నాను. అయితే బుధవారం సెంట్రిఫ్యూజ్ సెక్షన్‌లో పనిచేసే ఒకాయన నన్ను పక్కకు పిలిచి, తన ఫోన్‌లో పీఎఫ్ పాస్‌బుక్ తెరిచి చూపించాడు. చివరి జమ నాలుగు నెలల కిందటిది. జేబులోంచి తీసిన జీతం చిట్టీలో మాత్రం ప్రతి నెలా 12 శాతం కోత స్పష్టంగా ఉంది. మడతల దగ్గర చిరిగిపోతున్న ఆ నాలుగు చిట్టీలను ఆయన ప్లాస్టిక్ కవరులో దాచుకున్నాడు. వాటిని చూశాక ఇది నాకు సంబంధించని విషయమని అనలేకపోయాను.

కంపెనీ నేరుగా ఈ బకాయిలు చెల్లించవచ్చా? నోటీసు ఇవ్వకుండా పని ఆపారు కాబట్టి ఇది చట్టవిరుద్ధమైన సమ్మె అవుతుందా? శుక్రవారంలోగా నేను మొదట పట్టుకోవలసిన పని ఏది? అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

జవాబు 1: మిర్యాలగూడ నుంచి, విశ్రాంత పర్సనల్ మేనేజర్

కృష్ణ ఒడ్డున సిమెంటు పరిశ్రమలో 31 సంవత్సరాలు ఈ పనే చేశాను. మీరు మొదట పట్టుకోవలసినది కార్మికులను కాదు, లెక్కలను. మూడు కాగితాలు బల్ల మీద పక్కపక్కన పెట్టండి: మీ గేటు పంచింగ్ రికార్డు, కాంట్రాక్టరు మస్టరు (హాజరు పట్టీ), పీఎఫ్‌కు అతను దాఖలు చేసిన ఈసీఆర్ (పేరు పేరునా వివరాలు ఉండే నెలవారీ పత్రం). కాంట్రాక్టరు బిల్లుతో పాటు పెట్టే చలానా ప్రతిని చూసి చాలామంది సంతృప్తి పడతారు. చలానాలో మొత్తం సొమ్ము కనిపిస్తుంది తప్ప ఎవరి పేరున కట్టాడో కనిపించదు. 100 మందిని పనిలో పెట్టి 70 మందికి కట్టినా చలానా చలానాలాగే ఉంటుంది. పేర్లు ఈసీఆర్‌లో ఉంటాయి, అందుకని దానిని పేరు పేరునా గేటు రికార్డుతో సరిచూడాలి. ఒక రోజంతా పడుతుంది, కానీ ఆ రోజు చివర మీకు తెలిసే సంగతి ఏ చర్చలోనూ తెలియదు.

రెండవది, మీ కొనుగోలు విభాగం నుంచి ఆ మూడు కాంట్రాక్టుల రేట్లు తెప్పించుకోండి. గొడవకు మూలం చాలాసార్లు గేటు దగ్గర ఉండదు, టెండరు తెరిచిన గదిలో ఉంటుంది. ఒక కార్మికుడి నెల వేతనం 15,000 రూపాయలు అనుకుందాం. యాజమాన్యం వాటాగా పీఎఫ్, దాని బీమా, నిర్వహణ చార్జీలు కలిపి 13 శాతం, అంటే 1,950 రూపాయలు. ఈఎస్‌ఐ (కార్మికుల వైద్య బీమా) 3.25 శాతం, అంటే 487 రూపాయల 50 పైసలు. కనీస బోనస్ 8.33 శాతాన్ని పూర్తి వేతనంపై లెక్కిస్తే దాదాపు 1,250. సెలవు వేతనం, గ్రాట్యుటీ, బూట్లు, యూనిఫాం, కాంట్రాక్టరు లాభం ఏమీ కలపకుండానే మనిషికి 18,687 రూపాయలు అవుతుంది. మరి అతి తక్కువ కోట్ చేశాడని 17,500కు పని అప్పగించిన చోట, తక్కువ పడిన దాదాపు 1,187 రూపాయలు ఎక్కడి నుంచి వస్తాయి? కాంట్రాక్టరు ఇంట్లోంచి రావు. 120 మంది ఉంటే నెలకు 1,42,440 రూపాయలు ఆ మనుషుల పీఎఫ్‌లోంచి, బోనస్‌లోంచి, ఓవర్‌టైమ్‌లోంచి పోతాయి. ఆ రేటు మీద సంతకం చేసింది కంపెనీయే. ఈ లెక్కను ఒక్క పేజీలో రాసి మీ మేనేజరు ముందు పెట్టండి, అప్పుడు తలదూర్చవద్దన్న మాట అంత తేలికగా నోటికి రాదు. తెలంగాణలో కరువు భత్యం ఏటా ఏప్రిల్‌లో, అక్టోబరులో మారుతుంది. మీ కాంట్రాక్టులో దానికి తగ్గట్టు రేటు పెంచే షరతు లేకపోతే, ప్రతి ఆరు నెలలకూ ఇదే తగవు తిరిగి వస్తుంది.

ఒక అనుభవం చెబుతాను. మా ప్యాకింగ్ ప్లాంటులో ఒకసారి నాలుగు రోజులు లోడింగ్ ఆగిపోయింది, లారీలు రోడ్డు మీద కిలోమీటరు దాకా నిలిచాయి. బయటి నాయకులెవరో రెచ్చగొట్టారని అందరూ నమ్మారు. మూడవ రోజు నేను మస్టరు పుస్తకం పట్టుకొని గేటు ఎదుటి టీ బడ్డీ దగ్గర కూర్చున్నాను. మస్టరు గుమాస్తా 6 గంటల 10 నిమిషాలకు పుస్తకం మూసేస్తున్నాడని, వాళ్లు వచ్చే బస్సు చాలా రోజులు 6 గంటల 15 నిమిషాలకు చేరుతోందని, ఆ అయిదు నిమిషాలకు సగం రోజు నాగా పడుతోందని అక్కడే తెలిసింది. అడిగినవారికి గుమాస్తా నుంచి వచ్చిన జవాబు, "రాత్రే వచ్చి పడుకోండి" అని. కూలి కన్నా ఆ మాటే వాళ్లను ఎక్కువగా మండించింది. మస్టరు మూసే సమయాన్ని ఇరవై నిమిషాలు పొడిగించి, పోయిన సగం రోజులు తిరిగి వేయించి, ఆ గుమాస్తాను అక్కడి నుంచి మార్చాక అయిదవ రోజు పొద్దున బస్తాలు కదిలాయి.

శుక్రవారానికి పోలీసులను ముందే పిలిపించి నిలబెట్టకండి. తమ తరఫున అయిదుగురిని వాళ్లనే ఎంచుకోమనండి, మీరు ఎంచకండి. వారిలో ఒకరైనా బీహారు, ఒడిశా కార్మికులలోంచి ఉండాలని మాత్రం కోరండి.

జవాబు 2: చౌటుప్పల్ నుంచి, కాంట్రాక్టు కార్మికుడు

సార్, మీరు ఆ చిట్టీలను చూసి ఇక్కడ అడిగినందుకు సంతోషం. నేను ఒకే ప్లాంటులో, ఒకే మిషను దగ్గర 9 సంవత్సరాలుగా పనిచేస్తున్నాను. ఈ కాలంలో ముగ్గురు కాంట్రాక్టర్లు మారారు. కాంట్రాక్టరు మారిన ప్రతిసారీ మాకు కొత్త కార్డు, కొత్త చేరిక తేదీ ఇస్తారు, పాత సర్వీసు లెక్కలోకి రాకుండా పోతుంది. పోయిన కాంట్రాక్టరు ఫోన్ ఎత్తడు, వచ్చిన కాంట్రాక్టరు తనకు తెలియదంటాడు, కంపెనీ ఆఫీసులో అడిగితే మీరు మా మనుషులు కాదంటారు. పర్మినెంటు చేయమని మేము అడగడం చివరి సంగతి. అంతకన్నా ముందు అడిగేది, మా లెక్క చెప్పే మనిషి ఒకరు ఉండాలని.

మా నాన్న పాలమూరు గుంపులతో కాలువ తవ్వకాలకు వెళ్లినవాడు. మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సు తీరేదాకా లెక్క అడగడానికి నోరు లేదని చెప్పేవాడు. నేను ఫ్యాక్టరీలో చేరినప్పుడు ఇక్కడ చిట్టీ ఇస్తారు, బ్యాంకులో వేస్తారు, మన బతుకు మారిందని ఆయన సంబరపడ్డాడు. చిట్టీ అయితే ఇస్తున్నారు సార్, అందులో రాసిన సొమ్ము ఎక్కడికి పోయిందో మాత్రం చెప్పరు.

ఈఎస్‌ఐ సంగతి కూడా పీఎఫ్‌తో పాటే చూడండి. మా సెక్షన్‌లో ఒడిశా అబ్బాయి ఒకరి రెండు వేళ్లు కన్వేయరులో నలిగాయి. చేరి 40 రోజులైనా అతని పేరు ఈఎస్‌ఐలో ఎక్కించలేదని ఆ రోజు ఆసుపత్రికి తీసుకెళ్తే కానీ తెలియలేదు. కాంట్రాక్టరు మూడు వేల రూపాయలు చేతిలో పెట్టి రైలెక్కించాడు. నేను స్టేషను దాకా వెళ్లాను, కట్టు కట్టిన చేత్తో సంచి పట్టుకోలేక మెడకు తగిలించుకున్నాడు. పని చేస్తుండగా జరిగిన ప్రమాదానికి ఇన్ని రోజులు చందా కట్టి ఉండాలన్న నియమం లేదని తరువాత తెలిసింది. అప్పటికి అతను వెళ్లిపోయాడు. మీ దగ్గర అలాంటివారు ఎవరైనా ఉన్నారేమో వెతకండి సార్. జీతం చిట్టీలు హిందీలో, ఒడియాలో కూడా ఇప్పించండి, వాళ్లు అడగకపోవడానికి కారణం తృప్తి కాదు, చదవలేకపోవడం.

జవాబు 3: నల్లగొండ నుంచి, కార్మిక చట్టాలు చూసే న్యాయవాది

మీ ప్రశ్నలకు వరుసగా చెబుతాను. కాంట్రాక్టరు వేతనం ఇవ్వకపోతే ప్రధాన యజమాని, అంటే పని చేయించుకునే కంపెనీ, చెల్లించి, ఆ సొమ్మును కాంట్రాక్టరు బిల్లులోంచి రాబట్టుకోవాలన్నది 1970 నాటి కాంట్రాక్టు లేబర్ చట్టంలోనే ఉంది. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన నాలుగు లేబర్ కోడ్‌ల (పాత కార్మిక చట్టాల స్థానంలో వచ్చిన కొత్త చట్టాల) కింద కూడా ఆ బాధ్యత అలాగే కొనసాగింది. నెల జీతం మరుసటి నెల 7వ తేదీ దాటకూడదు. పీఎఫ్, ఈఎస్‌ఐల విషయంలోనూ కాంట్రాక్టరు ఎగ్గొట్టాడన్న సమాధానం మీ కంపెనీని కాపాడదు.

మీ యాజమాన్యం భయం పూర్తిగా నిరాధారం కాదు, కానీ తప్పు చోట ఉంది. స్టీల్ అథారిటీ కేసులో 2001లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం, కాంట్రాక్టు విధానాన్ని నిషేధించినంత మాత్రాన కార్మికులు దానంతట అదే కంపెనీ ఉద్యోగులు అయిపోరని చెప్పింది. అదే తీర్పు, ఆ కాంట్రాక్టు కేవలం ముసుగు అని తేలితే వారిని కంపెనీ కార్మికులుగానే చూడాలని కూడా చెప్పింది. జీతం ఎవరిస్తున్నారు, పని మీద అజమాయిషీ ఎవరిది అన్నవి అక్కడ ముఖ్యంగా చూస్తారు. కాంట్రాక్టరు విఫలమైనప్పుడు చట్టం చెప్పిన బాధ్యత కింద చెల్లిస్తున్నామని, బిల్లులోంచి మినహాయిస్తున్నామని రాతపూర్వకంగా నమోదు చేసి ఇచ్చే సొమ్ము వేరు, ప్రతి నెలా మీరే జీతం వేయడం వేరు. మిమ్మల్ని నిజంగా ఇబ్బంది పెట్టేది ఈ చెల్లింపు కాదు, ఆ యువకుడి గేటు పాసు. అతను కాంట్రాక్టరు మనిషే అయితే అతన్ని తొలగించాలని నిర్ణయించినది ఎవరు? మీ మేనేజరు సెక్యూరిటీకి నోటిమాటగా చెప్పి ఆపించి ఉంటే, అజమాయిషీ మీదేనని మీరే సాక్ష్యం తయారు చేసినట్టు. దానిని వెనక్కి తీసుకోవడం న్యాయం, మీ కంపెనీకి క్షేమం కూడా.

సమ్మెకు 14 రోజుల ముందు నోటీసు ఇవ్వాలని కొత్త కోడ్ చెబుతుంది, ఆ లెక్కన సోమవారం జరిగినది నిబంధన ప్రకారం లేదు. అయితే నెలల తరబడి పీఎఫ్ కట్టనివారు ఆ నిబంధన చేతబట్టుకొని సంయుక్త సమావేశానికి వెళితే, కార్మిక శాఖ అధికారి మొదట అడిగేది ఈసీఆర్ గురించే. రియాక్టర్లు, సెంట్రిఫ్యూజ్‌ల వంటి ప్రధాన ఉత్పత్తి పనిలో కాంట్రాక్టు కార్మికులను పెట్టడం గురించి కూడా విడిగా ఆలోచించండి, చట్టం దానిని కొన్ని మినహాయింపులతో నిషేధించింది. అది శుక్రవారానికి తేలే విషయం కాదు.

ప్రశ్న అడిగినవారి నుంచి:

అందరికీ నమస్కారాలు. నిన్నంతా కూర్చొని మూడు రికార్డులు సరిచూశాను. గేటు రికార్డులో 310 పేర్లు ఉంటే, చివరి ఈసీఆర్‌లు మూడూ కలిపి 262 పేర్లే ఉన్నాయి. 48 మంది ఎక్కడా లేరు, వారిలో 33 మంది ఒకే కాంట్రాక్టరు కింద ఉన్నారు. అతని రేటు తెప్పించి చూస్తే, మిర్యాలగూడ పెద్దలు చెప్పినట్టే, చట్టబద్ధంగా కట్టవలసిన మొత్తం కన్నా తక్కువకు పని ఒప్పుకొని ఉన్నాడు. ఆ ఒక్క పేజీని మా మేనేజరు రెండుసార్లు చదివారు. అతని బిల్లు ఆపి, జీతం బకాయిలు, కరువు భత్యం తేడా కంపెనీ ఖాతాలోంచి ఇవ్వడానికి నిన్న సాయంత్రం ఒప్పుకున్నారు. గేటు పాసు విషయంలో ఇంకా అంగీకరించలేదు, న్యాయవాది గారి వాక్యాలను ఈ రోజు ఆయనకు చూపిస్తాను. ఈఎస్‌ఐలో ఎక్కని పేర్ల జాబితా కూడా తీస్తున్నాను.

పీఎఫ్ బకాయిలు జమ కావడానికి కొంత సమయం పడుతుంది కదా, శుక్రవారం వారికి ఏమి చూపించమంటారు?

జవాబు 2 రాసిన కార్మికుడి నుంచి:

ఆ 48 పేర్ల జాబితానే చూపించండి సార్. మీరు దాచలేదని తెలుస్తుంది. డబ్బు ఏ తేదీకి జమ అవుతుందో దాని కిందనే రాసి, కంపెనీ ముద్ర వేసి, గేటు దగ్గర నోటీసు బోర్డు మీద అంటించండి. ఆ తేదీ పొద్దున గేటు దగ్గర ఒక బల్ల వేసి, ఫోన్‌లో పాస్‌బుక్ తెరవడం రానివారికి తెరిచి చూపించే మనిషిని కూర్చోబెట్టండి.