కోబాల్ట్ కలిపిన జింక్ ఆక్సైడ్‌లో అయస్కాంతత్వం: కోబాల్ట్ వల్లా, ఆక్సిజన్ వేకెన్సీల (ఆక్సిజన్ పరమాణువు లేని ఖాళీల) వల్లా?

ప్రశ్న:
జింక్ ఆక్సైడ్‌లో 5 శాతం కోబాల్ట్ డోప్ చేసి ఫిల్మ్ వేశాను. గాలిలో అనీల్ చేసిన (వేడి చేసి చల్లార్చిన) ముక్క గది ఉష్ణోగ్రత దగ్గర పారామాగ్నెటిక్‌గానే ఉంది (బయటి క్షేత్రం తీసేస్తే అయస్కాంతత్వం మిగలదు), వాక్యూమ్‌లో చేసిన ముక్కకు మాత్రం చిన్నదే అయినా స్పష్టంగా హిస్టెరిసిస్ లూప్ (క్షేత్రం తీసేసినా అయస్కాంతత్వం కొంత మిగులుతుందని చూపే వంపు) వచ్చింది. ఎక్స్‌ఆర్‌డీలో (ఎక్స్-రేలతో స్ఫటిక నిర్మాణం చూసే పరీక్షలో) వేరే ఫేజ్, అంటే వేరే పదార్థం, కనబడలేదు. రెండిట్లోనూ కోబాల్ట్ ఒకటే కదా, మరి ఆక్సిజన్ వేకెన్సీల వల్లే అని రాసేయొచ్చా? గైడ్‌కి చూపించాలి, టెన్షన్‌గా ఉంది.

జవాబు 1:
ఆ అవకాశం ఉంది. జింక్ స్థానంలో కూర్చున్న ఒక్కో కోబాల్ట్ అయాన్‌కి సుమారు 3 బోర్ మాగ్నెటాన్ల (పరమాణువుల అయస్కాంత బలాన్ని కొలిచే ప్రమాణం) మూమెంట్ ఉంటుంది కానీ అవన్నీ వాటంతటవే ఒకే దిక్కుకు తిరగవు. పక్కపక్కన పడ్డవి మధ్యలోని ఆక్సిజన్ ద్వారా ఎదురెదురు దిక్కులకు తిరుగుతాయి, దూరంగా ఉన్నవి దేనిదారి దానిదే. ఆక్సిజన్ పోయిన చోట రెండు ఎలక్ట్రాన్లు మిగులుతాయి. అలాంటి డోనర్ ఎలక్ట్రాన్ చాలా అయాన్ల మీదుగా పరుచుకుని వాటి స్పిన్‌లను ఒక దారికి తెస్తుందని, ఈ గుంపులు ఒకదానిమీదొకటి పడితే ఫెర్రోమాగ్నెటిజం (ఇనుములో ఉండే లాంటి అయస్కాంతత్వం) వస్తుందని 2005లో కోయ్ బృందం ప్రతిపాదించింది.

జవాబు 2:
అప్పుడే రాయకండి. వాక్యూమ్‌లో కొంత కోబాల్ట్ లోహంగా మారిపోవచ్చు, నానోమీటర్ సైజు రేణువులు మామూలు ఎక్స్‌ఆర్‌డీకి చిక్కవు. మళ్లీ గాలిలో వేడి చేస్తే లూప్ పోయిందని సంబరపడటానికీ లేదు, వేకెన్సీలు నిండినా పోతుంది, లోహం ఆక్సైడ్ అయినా పోతుంది! కోబాల్ట్ ఎక్స్-రే శోషణ అంచు దగ్గర ఎక్స్‌ఎంసీడీ (ఎక్స్-రేలతో ఒక్కో మూలకపు అయస్కాంతత్వాన్ని విడిగా చూసే పరీక్ష) తీస్తే సిగ్నల్ లోహానిదా, అయాన్‌దా తేలుతుంది. జెడ్‌ఎఫ్‌సీ, ఎఫ్‌సీ కర్వ్‌లు (అయస్కాంత క్షేత్రం లేకుండా ఒకసారి, క్షేత్రంలో ఒకసారి చల్లబరిచి కొలిచినవి) ఎక్కడ విడిపోతున్నాయో కూడా చూడండి.
ఇంకోటి, ఫిల్మ్‌ని స్టీల్ పట్టకారుతో పట్టుకున్నారా? హాఫ్నియం ఆక్సైడ్ ఫిల్మ్‌లో అయస్కాంతత్వం ఉందని 2004లో ప్రకటించారు, మరుసటి ఏడాదే వేరే బృందం స్టీల్ పట్టకారు తగిలినా అలాంటి సిగ్నలే వస్తుందని చూపించింది. పల్చటి ఫిల్మ్ సిగ్నల్ ఎంత చిన్నదంటే కంటికి కనబడని ఇనుప రజను చాలు దాన్ని మింగేయడానికి.

జవాబు 3:
డోపింగ్ లేని ఫిల్మ్‌నీ అదే వాక్యూమ్‌లో పెట్టి కొలవండి, నా దృష్టిలో అన్నిటికన్నా ముందు చేయాల్సింది ఇదే. 2006లో బెంగళూరు జవహర్‌లాల్ నెహ్రూ సెంటర్ నుంచి సుందరేశన్, సి.ఎన్.ఆర్. రావు బృందం ఏ డోపింగూ లేని జింక్ ఆక్సైడ్, సీరియం ఆక్సైడ్ నానోరేణువుల్లోనే గది ఉష్ణోగ్రత దగ్గర ఫెర్రోమాగ్నెటిజం చూశామని, అది ఉపరితలపు ఆక్సిజన్ వేకెన్సీల వల్ల కావచ్చని రాసింది. మీ ఒట్టి ఫిల్మ్‌కీ లూప్ వస్తే కోబాల్ట్ కథ మొత్తం మళ్లీ ఆలోచించాలి.

ప్రశ్న అడిగినవారు:
పట్టకారు స్టీల్‌దేనండీ, ప్లాస్టిక్‌ది వాడి కొత్త ముక్కలు చేస్తాను. సబ్‌స్ట్రేట్‌ని (ఫిల్మ్ వేసే అడుగు పలకని) కూడా విడిగా అనీల్ చేసి కొలవాలా?

జవాబు 2:
తప్పకుండా, అదే ఫర్నేస్‌లో, అదే హోల్డర్ మీద.