అలవాటు నిలబడకపోవడం బద్ధకమా, లోపలి కొట్లాటా?

రెండోషిఫ్ట్:
ఆరు నెలలుగా నాకు ఇదే తంతు. పొద్దున్నే ఐదున్నరకి లేచి నడవాలని రాత్రి గట్టిగా అనుకుంటాను. అలారం మోగుతుంది, కళ్లు కూడా తెరుచుకుంటాయి. అక్కణ్నుంచి ముప్పావుగంట మంచం మీదే బేరం. లే అంటుంది బుర్ర, కదలనంటుంది ఒళ్లు. మధ్యలో ‘నీ బతుకంతా ఇంతే’ అని ఇంకో గొంతు. ఎట్టకేలకి లేచేసరికి నడవకుండానే నీరసం. నిజంగా నడిచిన రోజుల్లో మాత్రం మధ్యాహ్నం దాకా హుషారుగా ఉంటుంది. నన్ను అలసగొడుతున్నది ఆ బేరమేనని నా అనుమానం. మనం బద్ధకం అనుకునేదాంట్లో సగం ఇదే అంటాను. కాదనేవాళ్లు చెప్పండి.

లెక్కలమాస్టారు:
నేను కాదంటాను. ఐదున్నరకి లేస్తానన్నారు, పడుకునేది ఎన్నింటికో రాయలేదు. మెలకువగా ఉన్నంతసేపూ మెదడులో అడినోసిన్ అని నిద్రమత్తు తెప్పించే రసాయనం పేరుకుంటూ ఉంటుంది, నిద్రలో తగ్గుతుంది. సరిగ్గా తగ్గకముందే అలారం పెట్టి లేపితే ఒళ్లు మొండికెయ్యక ఏం చేస్తుంది? రక్తహీనత, థైరాయిడ్, బి12 లోపం, నిద్రలో ఊపిరి ఆగి ఆగి రావడం, వీటన్నిటికీ బయటికి కనిపించేది నీరసమే. మా దగ్గరి బంధువు ఒకాయన తనకి పట్టుదల లేదని రెండేళ్లు తనని తాను తిట్టుకున్నాడు. తీరా చూస్తే హిమోగ్లోబిన్ 8. ముందు రక్తపరీక్ష, తర్వాత మనస్తత్వశాస్త్రం.

రెండోషిఫ్ట్:
పన్నెండున్నరకి. తిట్టకండి మాస్టారూ. పదిన్నరకే కళ్లు మూతలు పడతాయి, అయినా పడుకోను. రోజంతా వేరేవాళ్ల పనికే పోయింది, ఈ రెండు గంటలన్నా నావి కావాలనిపిస్తుంది. అలాగని ఆ టైములో గొప్పగా చేసేదేం లేదు, ఫోన్ చూస్తూ కూర్చుంటాను. మరి ఆ నిద్ర తగ్గింది దేనివల్ల? అదీ కొట్లాటే కదా!

కొసమెరుపు:
మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. ‘కొట్లాటలో శక్తి ఖర్చైపోతుంది’ అని తేలిగ్గా అనేస్తాం గాని ఆ మాట వెనక పెద్ద కథ ఉంది. 1998లో రాయ్ బామైస్టర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త బృందం కొందరిని చాక్లెట్ బిస్కెట్ల ముందు కూర్చోబెట్టి ముల్లంగి మాత్రమే తినమంది. ఆ తర్వాత తెగని చిక్కుముడి ఇస్తే వాళ్లు మిగతావాళ్ల కంటే త్వరగా వదిలేశారు. దాంతో సంకల్పబలం పెట్రోల్లా అయిపోతుందని అందరూ నమ్మారు. 2016లో 23 ల్యాబుల్లో రెండు వేలమందికి పైగా జనంతో, వేరే పనులిచ్చి ఇదే సిద్ధాంతాన్ని పరీక్షిస్తే ప్రభావం దాదాపు సున్నా. మెదడు ఒంట్లోని శక్తిలో సుమారు 20 శాతం వాడుకునే మాట నిజమే, కానీ గట్టిగా ఆలోచించినా ఆ వాడకం పెరిగేది కొద్దిగానే. ముప్పావుగంట బేరానికి ట్యాంకు ఖాళీ కాదండీ.

పాతకాపు:
ట్యాంకు సంగతి ఒప్పుకున్నా. అయినా అలసట అబద్ధం కాదుగా. పని తేలనప్పుడు దాన్ని మనసు వదలదు, ఒళ్లు బిగుసుకునే ఉంటుంది, నిద్ర పలచబడుతుంది. 1988లో ఎమ్మన్స్, కింగ్ అనే ఇద్దరు చేసిన అధ్యయనం ఒకటుంది. తమ లక్ష్యాలు ఒకదానికొకటి అడ్డుపడుతున్నాయన్నవాళ్లు వాటి గురించి ఆలోచించేది ఎక్కువ, చేసేది తక్కువ. డాక్టర్ దగ్గరికి వెళ్లడం కూడా వాళ్లలోనే ఎక్కువ. ఏది కారణమో ఏది ఫలితమో దాన్నిబట్టి తేల్చలేం, అది వేరే విషయం.

నా సంగతి చెప్తా. సిగరెట్లు రోజుకి రెండే అని నియమం పెట్టుకుని ఏడాది నడిపాను. అంత నరకం ఎప్పుడూ చూళ్లేదు. గంటగంటకీ లోపల కోర్టు వాయిదా: ఇప్పుడు తాగనా, సాయంత్రానికి దాచుకోనా, టెన్షన్‌గా ఉంది కాబట్టి ఈ ఒక్కటి లెక్కలోకి రాదా? సాయంత్రానికి తల దిమ్మెక్కిపోయేది. ఒకరోజు విసుగొచ్చి మొత్తం మానేశా. మొదటి వారం ఒళ్లు పీకేసింది, నిద్ర లేదు, అందరి మీదా అరిచాను. మూడు నాలుగు వారాలకి సర్దుకుంది. తాగాలనిపించడం తర్వాత కూడా ఉంది, వాదన మాత్రం లేదు. కేసు కొట్టేశాక లాయర్లకి పనేముంది? రెండు తాగిన ఏడాది కంటే అసలు తాగని ఏడాదే నాకు తేలిక.

కొసమెరుపు:
సిగరెట్‌కి సున్నా పెట్టొచ్చు అన్నా. తిండికీ నిద్రకీ ఫోన్‌కీ ఏం పెడతారు?

పాతకాపు:
అది నిజమే. అక్కడ నా దగ్గరా మందు లేదు.

నిశాచరి:
అందరూ ఒక విషయం వదిలేస్తున్నారు. బుర్ర చెప్పిందే న్యాయం, ఒళ్లు నేరస్థురాలు అని ముందే తీర్పిచ్చేసి మాట్లాడుతున్నారు. నేను ఒక కోర్సులో చేరి వారానికి మూడు సాయంత్రాలు వెళ్లేదాన్ని. క్లాసున్న రోజు మధ్యాహ్నానికల్లా తలనొప్పి. క్రమశిక్షణ లేదని నన్ను నేనే తిట్టుకుని మాత్ర వేసుకుని వెళ్లేదాన్ని. నిజానికి ఆ చదువు నాకు ఇష్టం లేదు, ఇంకొకరిని మెప్పించడానికి చేరాను. ఆ మాట నాకు నేను ఒప్పుకోవడానికి ఏడు నెలలు పట్టింది. మానేశాక తలనొప్పి రాలేదు. మాస్టారు యాదృచ్ఛికం అంటారని తెలుసు, అననివ్వండి.

లెక్కలమాస్టారు:
అననులెండి. ఆ నొప్పికి కళ్లద్దాలు కూడా కారణం కావచ్చు అని మాత్రం అంటాను!

రెండోషిఫ్ట్ గారికి ఒక మాట. మీ లోపలి మూడో గొంతు ‘ఇంతే’ అంటోందిగా, దానికి లెక్కలు రావు. 2010లో ఫిలిపా లాలీ బృందం కొత్త అలవాట్లు మొదలుపెట్టిన 96 మందిని గమనించింది. పని దానంతటదే జరిగిపోయే స్థితికి రావడానికి సగటున 66 రోజులు. కొందరికి 18 చాలు, కొందరికి 254 దాకా పడుతుందని లెక్క తేలింది. మధ్యలో ఒక్కరోజు తప్పితే పెద్ద తేడా లేదు. ఒకరోజు తప్పగానే ఆ గొంతు మొదలెడుతుంది చూడండీ, మర్నాడు కూడా ఎగ్గొట్టించేది అదే. నేనింత ఒప్పుకోవడమే ఎక్కువ.

రెండోషిఫ్ట్:
రెండు వారాల తర్వాత వస్తున్నా. పరీక్ష చేయించాను మాస్టారూ, రక్తం బాగానే ఉంది, విటమిన్ డి తక్కువన్నారు. నిశాచరి గారి మాట చదివాక నన్ను నేను అడిగాను, ఒళ్లు దేన్ని వద్దంటోందని. నడకని కాదు, ఐదున్నరని. సాయంత్రం పని అవగానే, బూట్లు విప్పకముందే వెళ్తున్నాను. పన్నెండు రోజుల్లో తొమ్మిది రోజులు నడిచాను, బేరం లేదు.

పడుకోవడం మాత్రం ఇంకా పన్నెండున్నరే. ఆ రెండు గంటలు ఎవరికీ ఇవ్వబుద్ధి కావట్లేదు, నిద్రకి కూడా.