నీటిరంగుల్లో మంచు పల్లె: నీడలు మురికిగా వస్తున్నాయి

ప్రశ్న: మేము అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రంలో ఉంటాము. ఊరి చివర ఎర్ర చెక్కల పశువుల కొట్టం, దాని చుట్టూ మోకాలి లోతు మంచు, వెనుక ముదురు ఫర్ చెట్లు ఉన్న దృశ్యాన్ని మూడుసార్లు వేశాను. ప్రతిసారీ మంచు మీది నీడలు బూడిద కలిపిన నీళ్లలాగే వస్తున్నాయి. నలుపును పలుచన చేసి వాడుతున్నాను. తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

సమాధానం: పొరపాటు ఆ నలుపులోనే ఉంది. నీడలో ఉన్న మంచు ఆకాశపు నీలాన్ని ప్రతిఫలిస్తుంది కనుక, కోబాల్ట్ బ్లూ గానీ, రవ్వంత బర్న్ట్ సియెన్నా (ఎర్ర గోధుమ రంగు) కలిపిన అల్ట్రామెరైన్ (ముదురు నీలం) గానీ ఒక్క పూతలో వేసి, ఆరేవరకు మళ్లీ కుంచె తాకించకండి. ఎండ తగిలే ఎర్ర గోడ అడుగున ఉన్న మంచు మీద మాత్రం, కాగితం తడిగా ఉండగానే, కొంచెం ఎరుపును అంటించి చూడండి.

మరొక సమాధానం: పై మాటతో ఏకీభవిస్తున్నాను. అయితే తెలుపు వేయవలసిన రంగు కాదు, వదిలేయవలసిన కాగితం. ఆకాశాన్ని మంచుకంటే ఒక మెట్టు ముదురుగా వేస్తే తప్ప ఆ తెలుపు వెలగదు. 300 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు 300 గ్రాముల బరువుండే) కాటన్ కాగితమైతే తడికి అంతగా వంకరపోదు. కంచె మీది మంచుకు మాస్కింగ్ ఫ్లూయిడ్ (రంగు అంటకుండా కాగితం మీద ముందే పూసే రబ్బరు ద్రవం) వాడేటట్లయితే కుంచెను ముందు సబ్బునీటిలో ముంచండి. నేను ముంచలేదు, మంచి కుంచె ఒకటి రబ్బరు ముద్దయింది.

ప్రశ్న అడిగినవారు: కృతజ్ఞతలు. నలుపు గొట్టాన్ని పెట్టెలోనుంచి తీసేశాను. కొట్టం కప్పు అంచున వేలాడే మంచు కడ్డీలను కూడా కాగితంగానే వదిలేయాలా?

సమాధానం: అవును, వాటి వెనుక గోడను ముదురుగా వేయండి.