వజ్రాలు రెండు చోట్లా ఉన్నాయి, యుద్ధం ఒక్కచోటే ఎందుకొచ్చింది?

సందేహి: సియెర్రా లియోన్‌లో వజ్రాలున్నాయి, బోట్స్వానాలోనూ ఉన్నాయి. మొదటిది 1991 నుంచి 2002 దాకా అంతర్యుద్ధంలో నలిగింది. 1966లో స్వాతంత్ర్యం వచ్చేనాటికి నిరుపేద దేశమైన రెండోది ప్రశాంతంగా ఎదిగింది. ‘మంచి నాయకులు దొరికారు’ అనే జవాబు నాకు ఆనడం లేదు. ఖనిజం, డబ్బు ఎలా చేతులు మారతాయో చెప్పగలరా?

గనిలెక్క: ముందు రాయి ఎక్కడుందో చూడండి. సియెర్రా లియోన్‌లోని కోనో ప్రాంతంలో వజ్రాలు ఏటి ఒండ్రులో దొరుకుతాయి. పైమట్టి తీసి, అడుగు కంకర ఎత్తి, గుండ్రటి జల్లెడలో వేసి నీళ్లలో తిప్పుతారు. వజ్రం క్వార్ట్జ్ కంటే బరువు (సాంద్రత 3.5, క్వార్ట్జ్‌ది 2.65) కాబట్టి బరువు గులకలన్నీ జల్లెడ అడుగున, నడిమధ్యకు చేరతాయి. బోర్లిస్తే కుప్ప పైన కనిపిస్తాయి. పార, జల్లెడ, నీళ్లు, అంతే పెట్టుబడి! తుపాకులున్న ముఠా గుంట చుట్టూ నిలబడితే గని వాళ్లదే. పిడికెడు రాళ్లు జేబులో వేసుకుని సరిహద్దు దాటేయొచ్చు. ఆర్‌యూఎఫ్ తిరుగుబాటుదారుల రాళ్లు లైబీరియా మీదుగా అలాగే పోయాయి.

బోట్స్వానా గనులు ఒరాపా, జ్వనెంగ్‌లలో అలా కుదరదు. అక్కడివి కింబర్లైట్ గొట్టాలు, అంటే భూమి లోతుకు దిగిన గట్టి అగ్నిశిలా స్తంభాలు. డ్రిల్లింగ్, పేలుళ్లు, క్రషర్లు కావాలి. ఒక కంచె, ఒక గేటు. సర్కారు తన వాటా గేటు దగ్గరే తీసుకోగలదు.

పాతఫైలు: గనిలెక్క గారు చెప్పింది సగం నిజం. సియెర్రా లియోన్ అధికారిక ఎగుమతులు 1970లో సుమారు 20 లక్షల క్యారట్లు, 1988లో 48 వేలు. నేలలో రాళ్లు అయిపోలేదు, పాలకుల ఆప్తుల చేతుల్లోంచి దొంగదారిన పోయాయి. యుద్ధానికి ముందే ఖజానా ఖాళీ. ఒండ్రు నేల యుద్ధాన్ని సాగదీసింది గానీ పుట్టించలేదని నా అభిప్రాయం.

బోట్స్వానాలో 1967 చట్టం ఖనిజ హక్కుల్ని తెగల నుంచి రాజ్యానికి మార్చింది. ఒరాపా ఉన్నది అధ్యక్షుడు సెరెత్సే ఖామా సొంత తెగ బామంగ్వాటో నేలలో. ఆ హక్కు తెగకే ఉండిపోతే మిగతా తెగలు ఊరుకునేవా? చమురు, గ్యాస్ కంచెలోపలే ఉంటాయి కదా, అయినా ఇండొనేషియాలోని అచేలో 1976 నుంచి 2005 దాకా వేర్పాటు పోరు నడిచింది. గ్యాస్ తమది, డబ్బు జకార్తాది అన్నది అక్కడి పెద్ద ఫిర్యాదు. 2005 హెల్సింకీ ఒప్పందంలో చమురు, గ్యాస్ ఆదాయంలో 70 శాతం అచేకి రాసిచ్చాకే శాంతి కుదిరింది.

సందేహి: యుద్ధం రాకపోయినా కొన్ని దేశాలు ఎందుకు చితికిపోతాయి? నార్వేలా చమురు డబ్బు దాచే ఫండ్ పెడితే చాలదా?

వడ్డీకాసు: చాలదు. డాలర్లు వరదలా వచ్చి సొంత కరెన్సీగా మారితే దాని విలువ పెరుగుతుంది. అప్పుడు రైతుకీ ఫ్యాక్టరీకీ ఎగుమతి చేసిన ప్రతి డాలరుకూ తక్కువ డబ్బు చేతికొస్తుంది, కూలీ మాత్రం పెరుగుతుంది. 1959లో బయటపడ్డ గ్రోనింగెన్ గ్యాస్ తర్వాత నెదర్లాండ్స్ పరిశ్రమలకు ఇదే జరిగింది, ‘డచ్ జబ్బు’ పేరు అందుకే. నార్వే చమురు లాభాలపై 78 శాతం పన్ను వేస్తుంది, ఫండ్ డబ్బంతా విదేశాల్లోనే పెడుతుంది, బడ్జెట్‌కు ఏటా సగటున ఫండ్‌లో 3 శాతమే వాడాలని నియమం (2017కి ముందు 4).

ఆఫ్రికా దేశం చాద్‌కూ నియమం ఉండేది. చమురు ప్రాజెక్టుకు రుణమిస్తూ ప్రపంచ బ్యాంకు పెట్టిన షరతు మేరకు చేసిన 1999 చట్టం ప్రకారం చమురు ఆదాయంలో 10 శాతం భావి తరాల నిధికి పోవాలి. 2003లో చమురు పారింది. 2006 మొదలయ్యేసరికి చట్టం మార్చి నిధి ఎత్తేశారు, చమురు డబ్బు ఖర్చుపెట్టాల్సిన ప్రాధాన్య రంగాల జాబితాలో భద్రతను చేర్చారు. ప్రపంచ బ్యాంకు రుణాలు ఆపింది, 2008లో బ్యాంకుతో ఒప్పందం ముగిసింది. డబ్బు వచ్చాక దాన్ని ఆపగల పార్లమెంటు లేకపోతే చట్టం కాగితమే. ఇంకో మోసం, ఒక చేత్తో ఫండ్‌లో వేస్తూ రెండో చేత్తో ఎక్కువ వడ్డీకి అప్పు తేవడం.

సందేహి: ఒక దేశాన్ని పరీక్షించాలంటే ఏం చూడాలి?

వడ్డీకాసు: ఖనిజ ఆదాయం తీసేసి బడ్జెట్ లోటు లెక్కగట్టండి, ధర పడిపోతే ఏమవుతుందో తెలుస్తుంది. తర్వాత ఈఐటీఐ (చమురు, ఖనిజ ఆదాయాల్లో పారదర్శకత కోసం ఏర్పడ్డ అంతర్జాతీయ వేదిక) నివేదిక తెరవండి. కంపెనీలు కట్టామన్నది ఒక వరసలో, సర్కారు అందిందన్నది పక్క వరసలో ఉంటాయి. తేడా కనిపిస్తే అడగాల్సింది అక్కడే.

పాతఫైలు: రెండు వరసలూ సరిపోయినా తృప్తి పడకండి. కంపెనీ తన విదేశీ అనుబంధ సంస్థకే ఖనిజాన్ని చౌకగా అమ్మితే పన్ను పుట్టేచోటే తగ్గిపోతుంది, లెక్క మాత్రం పైసాతో సహా కుదురుతుంది. అమ్మిన ధరను ఆరోజు అంతర్జాతీయ ధరతో పోల్చండి. నాణ్యత పేరుతో ఎంత తగ్గించారో అడగండి.