అప్‌డేట్: ముందు ఫోర్కులో ఆయిల్ మార్చిన తరువాత

బ్రేకు వేయగానే నా బైకు ముందు భాగం విపరీతంగా కుంగిపోతోందని, గుంతల్లో ఫోర్కు (ముందు చక్రాన్ని పట్టుకుని కుదుపులు తగ్గించే జంట గొట్టాలు) టక్కుమని కొట్టుకుంటోందని, అందులో 10డబ్ల్యూ బదులు ఇంకా చిక్కనైన 20డబ్ల్యూ ఆయిల్ పోస్తే సరిపోతుందా అని గత నెలలో ఇక్కడ అడిగాను. మీరు సూచించినట్లే ముందు ఫోర్కు విప్పి చూడమని మెకానిక్‌కు చెప్పాను. అసలు లోపం ఆయిల్ చిక్కదనంలో లేదు.

అమలాపురంలో మెకానిక్ ఫోర్కు కుడి కాలు (కుడివైపు గొట్టం) విప్పగా, బూడిద రంగుకు తిరిగి నీరు కలిసిన ఆయిల్, అదీ ఎడమ కాలిలో ఉన్నదానికంటే చాలా తక్కువగా బయటపడింది. రోజూ చేపల చెరువుల గట్ల మీద తిరగడం వల్ల డస్ట్ సీలు (దుమ్మును ఆపే రబ్బరు రింగు) కింద బురద చేరి, గొట్టం మీద సన్నని తుప్పు గుంటలు పడి, అవే ఆయిల్ కారకుండా ఆపే ఆయిల్ సీలు అంచును కోసేశాయి. తన దగ్గర మిగిలిపోయిన ఇంజిన్ ఆయిల్ పోద్దామని మెకానిక్ అన్నారు కానీ, మర్యాదగానే వద్దన్నాను.

గొట్టాన్ని నునుపు చేయించి, రెండు సీళ్లూ మార్చి, మాన్యువల్ చెప్పిన 10డబ్ల్యూ ఆయిలే పోయించాను. ఒక కంపెనీ 10డబ్ల్యూ మరొక కంపెనీ 10డబ్ల్యూ అంత చిక్కగా ఉండాలని లేదు కనుక, డబ్బా మీద 40 డిగ్రీల సెల్సియస్ వద్ద ఇచ్చిన సెంటీస్టోక్స్ (చిక్కదనపు కొలత) అంకెను పోల్చుకోవడమే మేలు. స్ప్రింగు తీసి, గాలి పోయేదాకా కాలిని నెమ్మదిగా పైకీ కిందికీ ఆడించి, పూర్తిగా కిందికి నొక్కి, పై అంచు నుండి ఆయిల్ మట్టాన్ని స్కేలుతో రెండు వైపులా సమానంగా కొలిచాము. ఆ పైన మిగిలే గాలి కూడా స్ప్రింగులా పనిచేస్తుంది కాబట్టి, మట్టం కొద్దిగా మారినా తేడా తెలుస్తుంది.

ఇప్పుడు ఆ చప్పుడు లేదు. బ్రేకు వేస్తే కొంత కుంగుతుంది, అది ఈ రకం ఫోర్కుకు సహజమే.