తల తూము దగ్గర నీళ్లు వదిలితే శివారుకు చేరతాయా? రొయ్య గడ్డుకాలంలో సర్కారు సాయం ఎవరికి?

చెరువుగట్టు (ఉండి), డిసెంబరు 3, 2025

పార్టీల గోల కోసం పెట్టిన పోస్టు కాదిది, ముందే చెప్తున్నా.

నాకు నాలుగెకరాల సొంత చెరువు, ఇంకో ఆరెకరాలు లీజు. వనామీ రకం రొయ్య వేస్తా. ఆగస్టు 27న అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతం చేసింది. రొయ్యకు పాత యాంటీ డంపింగ్ (మరీ చవగ్గా అమ్ముతున్నారని వేసేది), కౌంటర్‌వెయిలింగ్ (సర్కారు సబ్సిడీ ఉందని వేసేది) సుంకాలు కూడా కలిస్తే 58 దాకా పోయింది. ఈక్వడార్ వాడికి కొత్త సుంకం 15 శాతమే. సరిగ్గా ఆ వారమే నా పట్టుబడి, అంటే చెరువులో రొయ్య పట్టి అమ్మడం. ముందురోజు సాయంత్రం బయ్యర్ ఒప్పుకున్న రేటు తెల్లారి లేదు. వల నీళ్లలో ఉంది, ఐసు లారీ గట్టు మీద ఉంది, కూలీలు మోకాలి లోతులో ఉన్నారు. ఆయన ఫోన్లో "ఇష్టమైతే ఇవ్వండి, లేదంటే పది రోజులు ఆగండి" అన్నాడు. పది రోజులు ఆగడమంటే పది రోజుల మేత, పది రాత్రుల ఏరేటర్ల కరెంటు. వైట్ గట్ జబ్బు కనబడిన చెరువులో ఎవడాగుతాడు? ఇచ్చేశా.

నవంబరులో కేంద్రం వైపు నుంచి రెండు కబుర్లు వచ్చాయి. 12న ఎగుమతిదారులకు 20,000 కోట్ల దాకా అదనపు అప్పు, దానికి నూటికి నూరు శాతం గ్యారంటీ. 14న రిజర్వ్ బ్యాంకు మారటోరియం: సుంకాల దెబ్బ తిన్న ఎగుమతి రంగాల వాళ్లు సెప్టెంబరు 1 నుంచి డిసెంబరు 31 మధ్య కట్టాల్సిన వాయిదాలు ఇప్పుడే కట్టక్కర్లేదు, ఆ కాలానికి చక్రవడ్డీ లేదు. ఎగుమతి అప్పు గడువు కూడా 450 రోజులకు పెంచారు. సంతోషం. నేనూ బ్యాంకుకు వెళ్లి అడిగా. "మీకు ఎగుమతి ఖాతా ఉందా?" అన్నారు. నా రొయ్య అమెరికా వెళ్లింది గానీ నేను వెళ్లలేదు కదండీ.

డెల్టాలో పుట్టినవాడికి చెప్పక్కర్లేదు. తల తూము దగ్గర నీళ్లు ఎంత వదిలినా శివారు చేనుకు వచ్చేసరికి బురదే మిగుల్తుంది. సాయం ప్లాంటు (రొయ్యను శుద్ధి చేసి ఎగుమతి చేసే కంపెనీ) దగ్గర పోస్తే రైతు దాకా దిగదని నా మాట. కాదనేవాళ్లు చెప్పండి.

కోల్డ్‌రూమ్ (భీమవరం)

నేను కాదంటాను. పదకొండేళ్లుగా ప్లాంట్లలో అకౌంట్లు చూస్తున్నా, కాబట్టి నా మాట ఏ పక్షమో మీకు తెలిసిపోతుంది. ఫర్వాలేదు.

కాలవకు తల దగ్గరే గండి పడితే శివారు మాట దేవుడెరుగు, ముందరున్న చేలూ ఎండుతాయి. ప్లాంటు సరుకు కొనడం ఆపేస్తే మీ 30 కౌంటు, 100 కౌంటు (కిలోకు తూగే రొయ్యల లెక్క) ఎవరు తీసుకుంటారు? ఇంట్లో వండుకుంటామా అన్ని టన్నులు?

ఆగస్టులో లోపల ఏం జరిగిందో చెప్తా. చాలా కంపెనీలు అమెరికాలో సుంకం తామే కట్టి సరుకు అప్పగించే షరతు మీద అమ్ముతాయి. ఓడ ఎక్కేనాటికి ఒక సుంకం, దిగేనాటికి ఇంకో సుంకం. రేటు మాత్రం ముందే రాసుకున్నది. కొత్త ఆర్డరు రాలేదు, పాత సరుకు కోల్డ్ స్టోరేజిలో పేరుకుంది. మైనస్ 18 డిగ్రీల గదికి స్విచ్ కట్టేసి ఇంటికెళ్లడం కుదరదు. బ్యాంకు లిమిట్ మొత్తం ఆ గదిలోనే గడ్డకట్టి ఉంది. ఇంక రైతుకు డబ్బు ఎక్కడి నుంచి తెచ్చివ్వాలి?

ఇంకో మాట. మారటోరియం దానం కాదు, వడ్డీ పడుతూనే ఉంటుంది. గ్యారంటీ అన్నదీ అప్పే. ఆ అప్పు మునిగితేనే సర్కారు జేబులోంచి పోయేది. దీన్ని "ప్లాంట్లకు పంచిపెట్టారు" అనడం న్యాయం కాదు.

లంకరైతు (అమలాపురం దగ్గర)

ఆయ్, ఇద్దరూ బావుంది. మధ్యలో వరివాణ్ణి అడిగారా ఎవరైనా?

2011లో కోనసీమలో మేం ఖరీఫ్ మానేశాం, గుర్తుందా? పంట విరామం. గిట్టుబాటు లేదు బాబో అని చేలు బీడు పెట్టి కూర్చున్నాం. నా అప్పుకు ఎవడూ గ్యారంటీ పడలేదు. మొన్న అక్టోబరు 28న మొంథా తుపాను దాటింది, చేను పడుకుంది, గింజ మొలకెత్తింది. నా వాయిదాకు 450 రోజులు ఎవరిస్తారో చెప్పండి.

రొయ్యకు 2019 నుంచీ కరెంటు యూనిట్ రూపాయిన్నర. తర్వాత ఆక్వా జోన్‌లో ఉంటేనే అన్నారు, పదెకరాల లోపైతేనే అన్నారు, ఎన్నికలొస్తే మళ్లీ అందరికీ అన్నారు. రెండు పార్టీలూ ఆ రూపాయిన్నర చుట్టూనే తిరుగుతున్నాయి. రేట్లు బావున్న ఏడాది మీ లాభంలోంచి మురుగు కాలవలు ఎవరైనా బాగుచేయించారా? మా చేను పక్క చెరువు తవ్వాక నా బోరు నీళ్లతో టీ కాస్తే పాలు విరుగుతున్నాయి. లాభం మీది, ఉప్పు మాది, నష్టం అందరిదీనా?

అంకెలూ చూడండి. సెప్టెంబరులో ముఖ్యమంత్రి కేంద్రానికి రాసిన లేఖలో ఎగుమతుల నష్టం 25,000 కోట్లు అన్నారు. రాష్ట్రం నుంచి ఏటా వెళ్లే సముద్ర ఉత్పత్తులు 21,246 కోట్లనీ చెప్పారు. ఏడాదంతా పంపే సరుకు కంటే నష్టం ఎక్కువా? ఆ లెక్క నాకూ నేర్పండి, మా వరికి వాడుకుంటా.

చెరువుగట్టు

లెక్క నేను వెయ్యలేదు గానీ, మీకు మద్దతు ధర ఉంది. 2025-26కు క్వింటాలు 2,369. రొయ్యకు ఏ ప్రభుత్వం అలా ప్రకటించింది? ఉప్పు మాటకొస్తే, తప్పు మాది కాదనను. మా నాన్న టైగర్ రొయ్య వేసిన రోజుల్లో ఎవరికీ ఆ ఆలోచన లేదు. వైట్ స్పాట్ తెగులు వచ్చి చెరువులు తెల్లబోయాక కూడా రాలేదు.

లంకరైతు

మద్దతు ధర కాగితానికి. తేమ 17 దాటిందని మిల్లు దగ్గర ఎంత కోస్తారో ఒకరోజు వచ్చి చూడండి. టీ మేమే ఇస్తాం, విరిగిందే.

మేతకొట్టు (ఆకివీడు)

నన్నెవరూ తల్చుకోలేదు కాబట్టి నేనే చెప్తా. రైతు పట్టుబడి అయ్యాక ఇస్తానంటాడు. కంపెనీ మేత దించేటప్పుడే కట్టమంటుంది. మధ్యలో నా సొమ్ము. నోటు పుస్తకంలో మూడు పంటల బాకీలున్నాయి. మేత రేటు కిలోకు తొమ్మిది రూపాయలు తగ్గించామని ప్రకటించారు, మంచిదే. పాత బాకీ మాత్రం పాత రేటులోనే ఉంది. అంతే, నాకు సిద్ధాంతాలు రావు.

మాస్టారు (రాజమండ్రి)

ఎకనమిక్స్ చెప్పి రిటైరైనవాణ్ణి. కొంచెం సేపు పాఠం చెప్తే భరించండి.

వ్యాపారానికి రెండు రకాల జబ్బులొస్తాయి. ఒకటి, చేతిలో రొక్కం ఆడకపోవడం. సరుకుంది, కొనేవాడూ ఉన్నాడు, నాలుగు నెలలు గడిస్తే నిలబడతాడు. అతనికి మారటోరియం సరైన మందు. రెండోది, అసలు గిరాకీయే పోవడం. దానికి ఎన్ని నెలల గడువిచ్చినా అప్పు పెరగడం తప్ప ఏమీ ఉండదు. మన రొయ్యకు వచ్చింది ఏ జబ్బో ఎవరూ తేల్చలేదు. యూరప్‌లో మరో 102 భారతీయ యూనిట్లకు అనుమతి వచ్చింది, కాబట్టి తలుపులన్నీ మూసుకోలేదు. కానీ ఒక్క అమెరికా మీదే అంతగా ఆధారపడటం మన స్వయంకృతం కూడా.

కోల్డ్‌రూమ్ గారూ, ప్లాంటు బతకాలన్నది ఒప్పుకుంటా. నేనడిగేది షరతు గురించి. 2020లో ఇదే కేంద్రం వందలోపు ఉద్యోగులున్న సంస్థల్లో, వాళ్లలో 90 శాతం మంది జీతం 15,000 లోపైతే, రెండు వైపుల పీఎఫ్ మొత్తం 24 శాతం కొన్ని నెలలు తనే కట్టింది. అది మనిషిని బట్టి వచ్చిన సాయం. జర్మనీలో ఇంకా ముందుకెళ్లారు. పని గంటలు తగ్గిస్తే కార్మికుడు పోగొట్టుకున్న నికర జీతంలో 60 శాతం, పిల్లలుంటే 67 శాతం సర్కారు ఇస్తుంది. ఉద్యోగం ఊడదు. అమెరికా 2020లో యజమానులకు అప్పులిచ్చి, జీతాలు ఆపకపోతే మాఫీ అంది. దాదాపు 80,000 కోట్ల డాలర్లు. తర్వాత లెక్క తీసిన ఆర్థికవేత్తలు, లేకపోతే ఉద్యోగం పోయేవాళ్లకు అందులో చేరింది పావు నుంచి మూడోవంతేనన్నారు. మిగిలింది యజమానుల దగ్గర, వాళ్లకు సరుకిచ్చేవాళ్ల దగ్గర ఆగింది. షరతు పెట్టినా అంత కారింది. మన 20,000 కోట్ల గ్యారంటీలో "కూలీలను ఆపొద్దు, రైతు బాకీ ఇన్ని రోజుల్లో తీర్చు" అన్న మాట నాకు కనబడలేదు.

కోల్డ్‌రూమ్

మాస్టారూ, షరతు రాయడం సులువండీ. ఆర్డర్లు సగమైనప్పుడు రొయ్య వలిచే షెడ్డులో మనుషుల్ని కూర్చోబెట్టి ఏం చేయించాలి? ఇంకో చిక్కు. ఆగస్టు 1 నుంచి అమల్లోకి వచ్చిన కేంద్రం ఉపాధి ప్రోత్సాహక పథకంలో యజమానికి నెలకు 3,000 దాకా ఇస్తారు, కానీ కొత్తగా చేర్చుకున్న మనిషికే. ఉన్న మనిషిని ఊడకుండా ఆపినవాడికి ఏమీ లేదు. పెళ్లికి కట్నం, కాపురానికి పైసా లేదు. గడ్డుకాలంలో కొత్తవాళ్లను ఎవరు చేర్చుకుంటారు?

ఇది మాత్రం మీ పక్షాన ఒప్పుకుంటున్నా.

లేసు దారం (నరసాపురం)

నేను ఇక్కడ ఎప్పుడూ రాయలేదు, చదవడమే. మా అమ్మ పీలింగ్ షెడ్డుకెళ్తుంది, తొమ్మిదేళ్లయింది. అందరూ ప్లాంటు, రైతు అంటున్నారు, షెడ్డు గురించి మాస్టారు ఒక్కరే అన్నారు కాబట్టి రాస్తున్నా.

తెల్లారుజామున మూడున్నరకు వ్యాన్ వస్తుంది. ముందు తల తీయాలి, తర్వాత పెంకు, ఆ తర్వాత వెన్ను మీద నల్ల నరం. ఐసు నీళ్లలోనే అంతా. గ్లౌజులు వేసుకుంటే చేయి ఆడదని చాలామంది తీసేస్తారు. కూలీ కిలో లెక్కన. అమ్మ కుడిచేతి బొటనవేలి గోరు సగమే ఉంటుంది, అది మళ్లీ పెరగదు. వారానికి ఆరు రోజులు వచ్చే వ్యాన్ సెప్టెంబరు నుంచి రెండు రోజులు, ఒక్కో వారం ఒక్క రోజు వస్తోంది. వచ్చేదీ లేనిదీ రాత్రి పదికి మేస్త్రీ ఫోన్ చేసి చెప్తాడు. ఆ ఫోన్ కోసం అమ్మ పడుకోదు.

మా పిన్ని లేసు అల్లుతుంది. మా నరసాపురం లేసుకు 2024లో జీఐ (భౌగోళిక) గుర్తింపు వచ్చిందని పేపర్లో ఫొటోలు వేశారు. ఆ సరుకు మీదా అదే సుంకం పడింది. ఇంట్లో కూర్చుని అల్లే ఆడవాళ్లకు మారటోరియం అంటే ఏంటో కూడా తెలీదు. వాళ్ల అప్పు డ్వాక్రాలో ఉంది, అక్కడ ప్రతి నెలా కట్టాల్సిందే.

పని పోతే ఈఎస్ఐలో ఏదో ఇస్తారని ఎవరో చెప్పారు. నిజమేనా?

మాస్టారు

నిజమేనమ్మా. అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన అంటారు. పని పోయినవాళ్లకు సగటు రోజుకూలిలో సగం, 90 రోజుల దాకా, జీవితంలో ఒక్కసారి. కానీ మీ అమ్మగారికి పని పోలేదు, రోజులు తగ్గాయి. ఈ పథకంలో పని ఉంది, లేదు అని రెండే గళ్లు. మధ్యలో ఉన్నవాళ్లకు గడి లేదు. జర్మనీ మాట ఎత్తింది అందుకే. ముందు అమ్మగారి పేరున ఈఎస్ఐ నంబరు ఉందో లేదో, చందా పడుతోందో లేదో చూడండి.

చెరువుగట్టు

పోస్టు పెట్టినవాణ్ణి నేను. శివారు నేనే అనుకున్నా. నా తర్వాత ఇంకా చేలున్నాయన్నమాట.

అయినా కోల్డ్‌రూమ్ గారితో గొడవ ఇంకా తేలలేదు. గ్యారంటీ అప్పు తీసుకున్న ప్లాంటు ఆ తర్వాత ఆర్నెల్లలో రైతుకు ఏ కౌంటుకు ఎంత ఇచ్చింది, ఎన్ని రోజులకు ఇచ్చింది, షెడ్డులో ఎన్ని పనిదినాలు కల్పించింది అని నెలకో కాగితం బ్యాంకుకు ఇస్తే నష్టమేంటి? బ్యాంకు నన్ను పాసు పుస్తకం, లీజు కాగితం, యజమాని సంతకం అన్నీ అడుగుతుంది. లీజు చెరువుకు యజమాని సంతకం పెట్టడు, నాకు కిసాన్ కార్డు పరిమితి 5 లక్షలు చేసినా 50 చేసినా ఒకటే. నన్ను అన్ని అడిగేవాళ్లు ప్లాంటును ఒక్క కాగితం అడగలేరా?

కోల్డ్‌రూమ్

పనిదినాల కాగితం ఇవ్వొచ్చు. రేటు కాగితం ఏ యజమానీ ఇవ్వడు, పక్క ప్లాంటు చూస్తుందని. మీరన్న ఆర్నెల్లు కూడా ఎక్కువ. మారటోరియం ఈ నెల 31తో సరి. జనవరి నుంచి వాయిదాలు కట్టాలి, గదులు మాత్రం ఇంకా నిండుగానే ఉన్నాయి. నాకూ టెన్షనే, నా జీతం కూడా అక్కడి నుంచే వస్తుంది.

లంకరైతు

ఆ అమ్మాయి రాసింది చదివాక మళ్లీ రూపాయిన్నర మాట ఎత్తబుద్ధి కాలేదు. ప్లాంటుకు ఇవ్వొద్దన్నదే నా మాట, అది మాత్రం మార్చుకోను. ఇచ్చేది ఆ షెడ్డులో పేర్ల జాబితా చూసి నేరుగా ఖాతాల్లో వెయ్యండి. ఆ ఖర్చుకు నా పన్నూ తీసుకోండి. మురుగు కాలవ సంగతి వేరే పోస్టు పెడతా, అక్కడ చూసుకుందాం.

మేతకొట్టు

జాబితా అంటున్నారు. షెడ్డు మనుషులు సగం మంది మేస్త్రీ కింద వచ్చేవాళ్లు. కంపెనీ పుస్తకంలో ఉంటారంటారా?

లేసు దారం

చూశాను మాస్టారూ. తమ్ముడు ఫోన్లో తీశాడు. అమ్మకు నంబరు ఉంది. మార్చి తర్వాత ఒక్క నెల చందా కూడా పడలేదు. సెప్టెంబరుకు ముందే ఆగిందన్నమాట, అంటే సుంకాల వల్ల కాదు. కూలీలోంచి మాత్రం నెలనెలా కోస్తూనే ఉన్నారు. చీటీలు అమ్మ బియ్యం డబ్బాలో దాచింది, పదకొండు ఉన్నాయి. ఇక్కడ ఫొటో పెట్టొచ్చా? కంపెనీ పేరు కనబడితే ఆ రెండు రోజుల పని కూడా పోతుందని అమ్మ భయపడుతోంది.

కోల్డ్‌రూమ్

పేరు మీద కాగితం ముక్క అంటించి తీయండమ్మా. మేస్త్రీ సంతకం కూడా కప్పెయ్యండి. తేదీ, కోత అంకె కనబడితే చాలు. అసలు చీటీలు మాత్రం ఎవరి చేతికీ ఇవ్వకండి, నాకు కూడా.